గోడ అవతలికి రిజిస్టరు పోస్టు

కర్నూలు జిల్లా పడమటి అంచున, కోసిగికి బస్సులో ముప్పావు గంట దూరంలో ఉన్న ఒక సెక్షనుకు నేను అసిస్టెంట్ ఇంజనీరుగా చేరింది నా సర్వీసులో పందొమ్మిదో ఏట, జూన్ నెల మొదటి సోమవారం నాడు. ఊరి పేరు చెప్పను. నేను చెప్పబోయే దాంట్లో తప్పు ఊరిది కాదు, ఆఫీసుది కాదు, నాది. రిటైరైన వాళ్ళు సాధారణంగా ఇతరుల తప్పులు రాసుకుంటారు. నా దగ్గర అవీ చాలానే ఉన్నాయి గానీ, ఈ ఒక్కటి రాయకపోతే మిగతావి రాసే అర్హత నాకు లేదనిపించింది.

సెక్షను అంటే కరెంటు శాఖలో అన్నిటికంటే కింద ఉండే ఆఫీసు. దానికి అధికారి అసిస్టెంట్ ఇంజనీరు, అందరి నోటా ఏఈ. ఆయన కింద ఒక లైన్ ఇన్‌స్పెక్టరు, కొందరు లైన్‌మెన్‌లు, గ్రామ సచివాలయాలు వచ్చాక ఎనర్జీ అసిస్టెంట్లు. పైన సబ్‌డివిజన్లో ఏడీఈ. ఈ మెట్లతో జనానికి పని లేదు. కరెంటు పోతే ఏఈ తీసినాడంటారు, వస్తే వచ్చిందంటారు. ఈ అన్యాయానికి అలవాటు పడటానికి నాకు పదేళ్ళు పట్టింది.

నా కుటుంబం పిల్లల చదువుల కోసం కడపలోనే ఉండిపోయింది. నేను ఆ ఊళ్ళో చర్చి వెనక సందులో ఎస్తేరమ్మ అనే ఆమె ఇంట్లో రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. ఎస్తేరమ్మకు అరవై దాటాయి. మిషను హాస్టల్లో వంటమనిషిగా చేసి మానుకుంది. భర్త లేడు, పిల్లలు లేరు. రెండెకరాల చెనిక్కాయ చేను గుత్తకిచ్చి, ఈ ఇల్లు పెట్టుకుని బతుకుతోంది. ఆమె గదికీ నా గదికీ మధ్య ఒకటే గోడ. ఆమె తెల్లవారుజామున చేసుకునే ప్రార్థన నాకు మాట మాటా వినిపించేది. అందులో నా పేరు కూడా ఉండేది, పిల్లలకు దూరంగా ఉన్న ఏఈ సారును కాపాడమని.

పెరట్లో ఒక బోరు ఉండేది. ఆ సందులో తక్కిన బోర్లన్నీ ఎండిపోయి, కేసింగు గొట్టాలకు రాళ్ళు మూతలు పెట్టుకుని ఉన్నాయి. ఎస్తేరమ్మ బోరు మాత్రం ఎందుకో నీళ్ళు పోసేది. సమస్యల్లా ఆమె మీటరు. అది అరకిలోవాటు లోడుకు ఎప్పుడో ఇచ్చిన పాత సర్వీసు, అంటే కనెక్షను. మోటారు వేయగానే ఫ్యూజు ఎగిరిపోయేది. లోడు పెంచుకుందామంటే సర్వీసు ఆమె పేరున లేదు, మామ దావీదు పేరున ఉంది. దావీదు చనిపోయి చాలా ఏళ్ళయింది. పేరు మార్చుకుందామంటే మరిది యేసేపు సంతకం కావాలి. ఆయన ఆదోనిలో జిన్నింగు మిల్లులో పని చేస్తాడు, సంతకం పెట్టడు. పెడితే ఇంట్లో తన వాటా పోతుందని భయం.

ఇక్కడ నేను తెలివి చూపించాను. నా పోర్షనుకు విడిగా నా పేరున ఒక సర్వీసు తీసుకున్నాను. అద్దెదారుకు ఇంట్లో ఉండేవారి అంగీకార పత్రంతో సర్వీసు ఇవ్వొచ్చు. మూడు కిలోవాట్ల లోడు రాయించి, మోటారు వైరును దానికి కలిపించాను. నీళ్ళు ఆమెవి, కరెంటు నాది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగక్కర్లేదని ఒప్పందం. దాదాపు నాలుగేళ్ళు ఈ ఏర్పాటు సాఫీగా నడిచింది. ఎస్తేరమ్మ గోడ మీదుగా ఒక పైపు సందులోకి వదిలింది. పొద్దున అరగంట ఆ పైపు దగ్గర తొమ్మిది ఇళ్ళ వాళ్ళు కడవలు నింపుకునేవాళ్ళు. ఆ ఇళ్ళవాళ్ళలో ఎక్కువమంది పంటల కాలం అయ్యాక గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళి, ఎండలు ముదిరే వేళకు తిరిగొచ్చేవారు. ఇంటి మోటారు ఇంటి మీటరు మీద నడపడం తప్పు కాదు. సందు మొత్తానికి నీళ్ళు పోయడం ఏ ఛార్జీల కేటగిరీలోకి వస్తుందో మాత్రం నేను పుస్తకం తెరిచి చూడలేదు. చూస్తే కనిపిస్తుందని నాకు తెలుసు.

ఇదే కాలంలో నేను ఒక మెమో రాశాను. దాని గురించి చెప్పక తప్పదు. అద్దెకున్నవాళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోతారు, మీటరు వాళ్ళ పేరునే మిగిలిపోతుంది, తరువాత వచ్చినవాడు వాడుకుంటాడు, ఏదైనా తేడా వస్తే మా నోటీసు మొదటివాడి కోసం మూడు జిల్లాలు తిరుగుతుంది. ఇది అరికట్టాలని, ఖాళీ చేసే అద్దెదారు సర్వీసు తొలగింపుకు తానే దరఖాస్తు పెట్టాలని, ఇంటి యజమానికి పదిహేను రోజుల ముందు రిజిస్టరు పోస్టులో తెలియజేయాలని, అలా తొలగించిన చోట మళ్ళీ అద్దెదారు పేరున సర్వీసు ఇవ్వకూడదని, యజమాని పేరుకే ఇవ్వాలని రాసి, ఏడీఈ గారి ఆమోదంతో ఆఫీసులో అంటించాను. ఏడీఈ గారు మెచ్చుకున్నారు. ఆ మెమోను నేను అప్పుడప్పుడు నిలబడి చదువుకునేవాడిని.

నాలుగో ఏడు మే నెలలో నాకు కడపకు బదిలీ ఉత్తర్వు వచ్చింది. అప్పటికే ఏడీఈ ప్రమోషన్ల జాబితా తయారవుతోందని వినికిడి. ఉత్తర్వు చదివిన మరుక్షణం నాకు గుర్తొచ్చింది కడపలో ఉన్న పిల్లలు కారు, నా పేరున ఉన్న ఆ మీటరు. నేను పోయాక విజిలెన్సు వాళ్ళు వచ్చి, ఏఈ పేరున ఉన్న గృహ సర్వీసు మీద తొమ్మిది ఇళ్ళకు నీళ్ళు పోతున్నాయని రాసుకుంటే నా ప్రమోషన్ అక్కడే ఆగిపోతుంది. కాబట్టి తొలగింపు దరఖాస్తు రాశాను. దరఖాస్తుదారు నేనే. దాన్ని పరిశీలించినది నేనే. తొలగించవచ్చునని సిఫార్సు చేసినదీ నేనే. అంత చురుగ్గా నడిచిన ఫైలు ఆ ఆఫీసులో అంతకు ముందు లేదు.

ఇక యజమానికి నోటీసు. మెమో ప్రకారం యజమాని అంటే రికార్డులో ఉన్న యజమాని. రికార్డులో ఉన్నది దావీదు. ఫలానా సర్వీసు తొలగించబడును, మోటారు వైరింగును పదిహేను రోజులలోగా వేరొక సర్వీసునకు మార్చుకొనవలెను అని రాసి, శ్రీ దావీదు గారి పేరున, నేనుంటున్న ఇంటి డోరు నంబరుకే, రిజిస్టరు పోస్టులో పంపించాను. పంపినవాడు గోడకు ఇటు ఉన్నాడు. అందుకోవలసిన ఇల్లు గోడకు అటు ఉంది. ఉత్తరం మాత్రం పోస్టాఫీసు దాకా వెళ్ళి వచ్చింది.

ఇది చదివేవాళ్ళు ఒక మాట అడగాలి. ఆమెతో నోటితో ఎందుకు చెప్పలేదు? మర్చిపోలేదు. చెబితే ఆమె, ఈ ఎండలు పోయేదాకా ఉండనీ సార్, అంటుంది. అంటే నేను కాదనలేను. కాదనలేనని తెలుసు కాబట్టే చెప్పలేదు. ఇంతకంటే గొప్ప కారణం ఏదీ లేదు.

రిలీవ్ అయిన రోజు రాత్రి భోజనానికి ఎస్తేరమ్మ నన్ను పిలిచింది. జొన్నరొట్టె, గోంగూర, చెనిక్కాయల పొడి. వడ్డిస్తూ మాటల్లో అంది, మామ పేరున యాడినుంచో రిజిస్టరు ఒకటి వచ్చిందని, ఆయప్ప సమాధుల తోటలో ఉండాడని చెబితే పోస్టుమాన్ ఏదో రాసుకుని వెనక్కి తీసుకుపోయాడని. చనిపోయినాయనకు ఎవరు రాస్తారు సార్, అని నవ్వింది. నేను ఇంకో రొట్టె వేయించుకున్నాను. సరైన చిరునామాకు పంపిన రిజిస్టరు పోస్టు తిరిగొచ్చినా, చట్టం దృష్టిలో అందినట్టే లెక్క అని మాకు శిక్షణలో చెప్పారు. ఆ సూత్రాన్ని నెమరేసుకుంటూ రొట్టె తిన్నాను. రుచిగానే ఉంది, అది ఇంకా సిగ్గుచేటు.

కడపలో చేరిన పదో రోజు లైన్ ఇన్‌స్పెక్టరు ఖాదర్ బాషా ఫోన్ చేశాడు. నాకంటే పెద్దవాడు, స్తంభాల మీద ముప్పై ఏళ్ళు గడిపినవాడు, పొడుగ్గా మాట్లాడే అలవాటు లేదు. గడువు అయిపోయింది, మీటరు తీయమని కొత్త ఏఈ గారు రాశారు, మోటారు ఇంకా దానిమీదే నడుస్తోంది, ఆ తల్లికి తెలిసినట్టు లేదు, ఏం చేయమంటారని అడిగాడు. నోటీసు ఇచ్చాం, రికార్డు ఉంది, తీసేయండి అన్నాను. సరే సార్, అని పెట్టేశాడు. అతను ఆ మాట అన్న తీరు నాకు నచ్చలేదు. కొత్త ఏఈ కింద క్రమశిక్షణ తగ్గిందనుకున్నాను.

నాలుగు రోజుల తరువాత మళ్ళీ అతనే ఫోన్ చేశాడు. ఈసారి నన్ను ఏదీ అడగలేదు, చెప్పాడు.

"సందులో నీళ్ళు బంద్ అయినాయి సార్. ట్యాంకరు దినం తప్పించి దినం వస్తాంది, అందరికీ చాలదు. ఎస్తేరమ్మ ఊరి బయట తోటలో బోరుకాడికి పోయి కడవ మోస్తాంది. నిన్న దావలో కూర్చుండిపోయినాది. సారుకు ఫోన్ చేస్తామంటే వద్దనె."

ఎందుకు వద్దంది అని అడిగాను. తెలీదన్నాడు.

రెండు రోజులు సెలవు పెట్టి, కర్నూలు మీదుగా బస్సులు మారి వెళ్ళాను. దారి పొడుగునా ఏం చెప్పాలో తయారు చేసుకున్నాను. అందులో పాత ఒప్పందం, మెమో, గడువు అన్నీ వరుసగా ఉన్నాయి. ఇంటి ముందు నిలబడేసరికి అవన్నీ ఆఫీసు భాషలో ఉన్నాయని తెలిసింది. ఎస్తేరమ్మ కుర్చీ వేసింది. లోపలికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. ఎండన పడి వచ్చినవాడికి ముందు నీళ్ళివ్వడం ఆమెకు అలవాటు. ఆ నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో నాకు తెలుసు. తాగకపోతే తప్పు, తాగినా తప్పే. తాగాను.

"మీకు నా మీద కోపమొచ్చిందేమో అనుకుంటి సార్," అంది. "నేనేమి చేసినానా అని ఈ దినాలంతా ఆలోచన చేస్తాండా. ఏమీ తోచలా. అందుకే ఫోన్ చెయ్యొద్దంటి."

కోపం కాదమ్మా, నోటీసు పంపాను, వెనక్కి పోయింది అన్నాను. మామ పేరున వచ్చిన ఆ రిజిస్టరు నేను పంపిందేనని ఆమెకు అప్పుడు అర్థమైంది. కోప్పడుతుందనుకున్నాను. ఆశ్చర్యంగా గోడ వైపు చూసింది.

"గోడ తట్టింటే పలికేదాన్ని గదా సార్," అంది.

నా ఉద్యోగ జీవితంలో నాకు మూడు మెమోలు, ఒక సంజాయిషీ నోటీసు వచ్చాయి. అన్నిటికీ సమాధానం రాశాను. ఈ మాటకు నోటితోనే చెప్పాల్సి వచ్చింది. తప్పు చేశాను, ఎస్తేరమ్మా, అన్నాను. ఆమె ఆ మాట పట్టించుకోకుండా మోటారు సంగతి ఏం చేద్దామని అడిగింది.

ఆఫీసుకు వెళ్ళాను. కొత్త ఏఈ చిన్న వయసువాడు, మర్యాదస్థుడు, లేచి తన కుర్చీ ఇవ్వబోయాడు. నా సర్వీసును తిరిగి కలపండి అని అడిగాను. కుదరదు సార్ అన్నాడు నొచ్చుకుంటూ. తొలగించిన చోట అద్దెదారు పేరున ఇవ్వకూడదట. ఎవరు చెప్పారన్నాను. అతను నోటితో చెప్పలేక గోడ వైపు చూపించాడు. మెమో కింద నా సంతకం స్పష్టంగానే ఉంది.

పోనీ ఎస్తేరమ్మ పాత సర్వీసుకే లోడు పెంచండి అన్నాను. అతని ముఖం ఇంకా ముడుచుకుపోయింది. ఫైలు తెరిచి, వెనక్కి వచ్చిన నా రిజిస్టరు కవరు చూపించాడు. దానిమీద పోస్టుమాన్ రాత: చిరునామాదారుడు మరణించారు. దావీదు చనిపోయిన సంగతి ఊరందరికీ తెలుసు, మా లైన్‌మెన్‌లకు తెలుసు, నాకు తెలుసు. కానీ ఆఫీసుకు అధికారికంగా తెలియదు. తెలియనంతకాలం ఎస్తేరమ్మ బల్బు వెలుగుతూనే ఉంటుంది. ఇప్పుడు నా పుణ్యమా అని తెలిసింది. చనిపోయినవారి పేరున సర్వీసు నడుస్తోందని ఫైల్లో ఉన్నాక, పేరు మార్చుకోమని నోటీసు ఇవ్వాలి. గడువులోగా మార్చుకోకపోతే అదీ తొలగించాలి. నేను పంపిన ఉత్తరం ఎస్తేరమ్మకు ఏమీ తెలియజేయలేదు గానీ, ఆమె మీద ఫిర్యాదు చేసినంత పని చేసింది. మోటారు పోయింది, ఇక ఇంట్లో దీపం కూడా పోవలసి ఉంది. గొయ్యి తవ్వింది చాలక ఆమెను తెచ్చి దాని అంచున నిలబెట్టాను.

ఆ కుర్రవాడు తప్పేమీ చేయలేదు. నేనైనా అదే చేసేవాడిని, పైగా మెచ్చుకోలు ఆశించేవాడిని. నెల రోజుల గడువు ఇస్తాను, ఆలోపు పేరు మార్పు కాగితాలు తెండి, తెచ్చిన రోజే పని చేసిపెడతాను అన్నాడు.

మర్నాడు ఖాదర్ బాషా మోటారు సైకిలు మీద ఇద్దరం ఆదోని వెళ్ళాం. యేసేపు మిల్లు గేటు దగ్గరికి వచ్చాడు, ఒంటినిండా దూది పీచు. మీటరు పేరు ఇంటికి హక్కు కాదని, వాటా ఎక్కడికీ పోదని నేను నిబంధనలతో సహా వివరించాను. ఆయన అన్నీ విని తల అడ్డంగా ఊపాడు. ఇదివరకు కూడా సంతకం పెట్టమని ఇట్లే కాయితాలు పంపినారన్నాడు. అప్పుడు ఖాదర్ బాషా, మీ వదిన తోటకాడి నుంచి కడవలు మోస్తాంది, మొన్న దావలో కూలబడింది, అన్నాడు.

"మా వదినా?" అన్నాడు యేసేపు. "ఒగరన్నా వచ్చి చెప్పరా ఇది? యాడ పెట్టల్ల సంతకం, చూపీప్పా."

నా వివరణంతా విన్న మనిషి, ఆ తరువాత కాగితం చదవకుండానే సంతకం పెట్టాడు. వేలికి సిరా అంటితే చొక్కాకు తుడుచుకుని, వచ్చే ఆదివారం వస్తానని వదినకు చెప్పమన్నాడు. వచ్చాడని తరువాత తెలిసింది.

తహశీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల ధ్రువపత్రం రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. నేను కడపకు తిరిగి వచ్చి, అక్కడి నుంచి రోజూ ఫోన్లో వెంటపడ్డాను. చివరికి పేరు మార్పు, లోడు పెంపు, కొత్త మీటరు అన్నీ ఒకే రోజు అయ్యాయి. కొత్త ఏఈ మాట నిలబెట్టుకున్నాడు. మోటారు నడిచిందని ఖాదర్ బాషా చెప్పినప్పుడు నేను వేళ్ళు మడిచి లెక్క వేశాను. మీటరు తీసిన నాటి నుంచి పదిహేడు రోజులు. ఆ ఎండల్లో పదిహేడు రోజులు అరవై దాటిన మనిషి నీళ్ళు మోసింది. ఆ తరువాత ఆమె పోర్షన్ ఎవరికిచ్చినా మీటరు మాత్రం తన పేరునే ఉంచుకుందని విన్నాను. సరైన పని.

ఏడీఈ ప్రమోషన్ నాకు ఆ ఏడాదే వచ్చింది. నా సర్వీసు రికార్డులో ఈ వ్యవహారం ఒక మచ్చగా కూడా లేదు. ఉంటే బాగుండేదని నేననను, ఆ రోజు నాకు సంతోషమే వేసింది. కానీ కూర్చుని పైవారికి ఒక ప్రతిపాదన రాశాను. అద్దెదారు సర్వీసు తొలగించే ముందు, ఆ ఇంట్లో నిజంగా ఉంటున్నవారిని మా మనిషి ఎవరైనా కలిసి, ఆ మీటరు మీద ఇంకేమేం నడుస్తున్నాయో అడిగి, నోటితో చెప్పి రావాలని. ఉదాహరణగా నా కేసునే పేర్లు లేకుండా రాశాను.

ఇంతకీ నేను నేర్చుకున్నది చిన్న విషయం. తెలియజేసినట్టు రికార్డు ఉండటం ఒక పని, తెలియజేయడం ఇంకో పని. ఎదుటివాళ్ళు వద్దంటారని భయపడే సంగతినే మనం పోస్టులో పంపుతాం. రిటైరయ్యేదాకా నా పరిధిలో ఇల్లు ఖాళీ చేసే ప్రతి అద్దెదారునూ, ముందు వెళ్ళి యజమానితో మాట్లాడి రమ్మని పంపి, ఆ తరువాతే దరఖాస్తు తీసుకున్నాను. దానికి ఏ మెమో లేదు.

నా ప్రతిపాదనకు రెండు నెలల తరువాత జవాబు వచ్చింది. ప్రస్తుతమున్న పద్ధతి చాలునని, ఉదహరించిన కేసులో నోటీసు నిబంధనల ప్రకారమే పంపబడినదని, వినియోగదారుల నుండి ఫిర్యాదు ఏదియు అందలేదని అందులో ఉంది. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. ఎస్తేరమ్మ ఫిర్యాదు చేయలేదు. నాకు కోపమొచ్చిందేమోనని ఊరుకుంది.